పచ్చ ఈగల పథ్యం

ఆడ ఈగ ఏ మగ ఈగను ఒప్పుకుంటుంది, ఎందుకు ఒప్పుకుంటుంది అనే సంగతి మీద మా ప్రొఫెసర్ గారు ఆరేళ్లు పనిచేశారు. ఆయన దగ్గర నేను రెండేళ్లు పనిచేశాను. మా బాపమ్మ, అంటే మా నాయినను కన్నతల్లి, ఒక నెల పనిచేసింది. ముగ్గురిలో ఫలితాలను ఎక్కువగా మార్చింది ఆమే.

ఇది పోయిన చలికాలం మాట. ఈగలంటే అన్నం మీద వాలేవి కావు. కల్లు కుండ మూతి దగ్గర, మగ్గిన జామపండు మీద మబ్బులాగా లేచే చిన్న ఈగలు. నువ్వుగింజంత ఉంటాయి. వాటికి కూడా ఇష్టాయిష్టాలుంటాయని కాలేజీకి పోయేదాకా నాకు తెలియదు. మగది ఆడదాని వెంటపడి ముందుకాలితో తడుతుంది. ఒక రెక్క చాపి వణికిస్తుంది. చుట్టూ తిరుగుతుంది, మళ్లీ వణికిస్తుంది. నచ్చకపోతే ఆడది వెనకకాళ్లతో తంతుంది. మగది పక్కకు పడి, లేచి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడుతుంది. భూతద్దంలో మొదటిసారి ఇది చూసినప్పుడు మా వీధిలో ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చారు కానీ సార్ ముందు ఆ మాట అనలేదు.

ఎదురొచ్చిన మగదానితో ఆడది సర్దుకుపోతుందని చాలామంది పెద్ద శాస్త్రజ్ఞులు అనేవాళ్లట. కాదు, ఆమె పరీక్ష పెట్టి ఎంచుకుంటుంది, ఆ ఎంపిక వల్లనే తరతరాలుగా మగవాటి రూపూ ఆటా మారుతూ వచ్చాయి అని మా సార్ వాదన. అది రుజువు చెయ్యడానికి ఆయన దగ్గర పచ్చ ఈగల వంశం ఒకటుంది. మామూలు ఈగ బూడిద రంగు. ఇవి పుట్టుకతోనే పసుపుపచ్చ. మిగతాదంతా ఒకటే. సన్నటి గాజుగొట్టంలో ఒక బూడిద ఆడదాన్ని వేసి, ఒక బూడిద మగదాన్నీ ఒక పచ్చ మగదాన్నీ వదిలి, దూదితో మూసి, ఆమె ఎవరికి ఒప్పుకుంటుందో చూసి రాసుకోవాలి. ఇంతే పని. ఇంతే పనికి ఆరేళ్లా అని మా నాయిన అడిగాడు.

ఆ ఏడు హైదరాబాదులో చదువులు ఎట్లా సాగాయో అందరికీ తెలుసు. సాగలేదు. రజాకార్ల గొడవలయ్యాయి, పోలీసు చర్య అయింది, కాలేజీ తలుపులు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో తాళంచెవి పట్టుకున్న చప్రాసీకి కూడా తెలియదు. అప్పుడు సార్ తన ఈగలను రెండు భాగాలు చేశారు. సగం తన దగ్గర పెట్టుకొని, సగం రేకుపెట్టెలో సర్ది నా చేతికిచ్చారు.

"ఒక్క దగ్గరుంటే ఒక్కసారే పోతయి. నువ్వు సూర్యాపేట తీసుకపో. అక్కడ గూడ పరీక్షలు చెయ్యి. రెండు చోట్లా ఒకటే ఫలితం వస్తే ఇగ నన్ను అడిగేటోడు ఉండడు," అన్నారు. యుద్ధానికి పంపుతున్నట్టు నా భుజం తట్టారు. నేను మాత్రం బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చోవాలా, పైన వేయాలా అని ఆలోచిస్తున్నాను.

సూర్యాపేటలో మా ఇల్లు ఎప్పుడూ జనంతో ఉంటుంది. మేం గొప్పవాళ్లమని కాదు. మా బాపమ్మ పసిరికలకు, అదే కామెర్లకు, మందు పోస్తుంది. నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి, పొద్దున్నే పరగడుపున. చుట్టుపక్కల ఊళ్లనుంచి పచ్చటి కళ్లేసుకొని వచ్చి మా అరుగు మీద వరుసగా కూర్చునేవాళ్లు. మందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు, తీసుకుంటే పనిచెయ్యదట. మందు కన్నా పథ్యం ముఖ్యం అంటుంది. నూనె ముట్టొద్దు, పులుసు ముట్టొద్దు, అన్నిటికన్నా ముందు కల్లు ముట్టొద్దు. పథ్యం తప్పినవాణ్ని ఆమె తిట్టే తిట్లకు సగం రోగం అక్కడే దిగిపోయేది.

ఆ ఇంట్లోకి నేను పచ్చ ఈగలను తెచ్చాను. ఇప్పుడు రాస్తుంటే అంతా ముందే కనబడుతున్నది. అప్పుడు కనబడలేదు.

హైదరాబాదులో ఈగల తిండికి మక్కపిండి, బెల్లం, విలాయతి నుంచి వచ్చిన ఈస్టు పొడి వాడేవాళ్లం. ఈస్టే వాటి అసలు బలం. సూర్యాపేటలో ఆ పొడి ఎక్కడ దొరుకుతుంది? కానీ ఈత కల్లులో ఉండేదీ అదే. కాబట్టి జొన్న గట్క కాచి, బెల్లం వేసి, వేడిగా ఉన్నప్పుడే సీసాల్లో పోసి, ఆరాక పైన చెంచాడు కల్లు మడ్డి వెయ్యాలి. గట్క కాచడం బాపమ్మ పని అయింది. నేను కాచినదాన్ని చూసి, "గిది తింటే ఈగలు గాదు, ఎడ్లు గూడ సస్తయి," అని గంటె లాక్కుంది. రెండు రోజుల్లో సీసాల్లో పొయ్యడం, మడ్డి వెయ్యడం కూడా ఆమె చేతిలోకి పోయాయి. పచ్చ ఈగల సీసాలు కలిసిపోకుండా వాటి మెడకు పచ్చదారం కట్టాను. నా శాస్త్రీయ జాగ్రత్త అంతవరకే.

నేను గాజుగొట్టాల ముందు బోర్లా పడుకొని చూసేవాణ్ని. మా అమ్మ పక్కనుంచి పోతూ, "ఇంకా ఒప్పుకోలేదా?" అని అడిగేది. ఒప్పుకుందంటే, "ఎవరిని?" అనేది. ప్రతిసారీ జవాబు ఒకటే. బూడిదదాన్నే. పచ్చది రెక్క చాపేది, రెండు వణుకులు వణికి ఆగిపోయేది. ఆడది పక్కకు జరిగితే వెంటపోయే ఓపిక కూడా లేదు. బూడిదది వచ్చి గింగిరాలు తిరిగి పని ముగించుకునేది. నెల రోజుల్లో పచ్చది గెలిచిన సందర్భం ఒకటీ అరా తప్ప లేదు.

నాకు సంబరం. సార్ అనుకున్నదానికన్నా గట్టి రుజువు నా చేతుల్లో వస్తున్నది. పట్టిక గీసి, ఎర్రసిరాతో శీర్షిక పెట్టి, చివర్లో 'పచ్చవి సహజంగానే బక్కవి' అని ఒక గమనిక కూడా రాసి, సార్‌కు టపాలో పంపాను. ఆ 'సహజంగానే' అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వారంలో సార్ ఉత్తరం వచ్చింది. ఆయన చేతిరాత మామూలుగానే పెద్దది. ఈసారి కాగితం సరిపోలేదు. సంక్రాంతి పోయాక మద్రాసులో పెద్ద సభ ఉందనీ, దేశంలో ఉన్న శాస్త్రజ్ఞులంతా వస్తారనీ, అక్కడ తన వ్యాసం చదువుతాననీ, నా పట్టికే దానికి గుండెకాయ అనీ రాశారు. ముందు మిర్యాలగూడలో అత్తగారింట్లో రెండు రోజులుండి, కోదాడ మీదుగా బెజవాడ పోయి రైలెక్కుతాననీ రాశారు. 'నీ పేరు కూడా చెబుతాను,' అని అడుగున ఒక వాక్యం.

ఆ ఉత్తరాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. నాలుగో రోజు పొద్దున ఆత్మకూరు నుంచి ఒకాయన పసిరికలతో వచ్చాడు. లావుపాటి మనిషి, పచ్చటి కళ్లు, పెద్ద మీసం. నేను లోపల చాయ తాగుతున్నాను. బాపమ్మ మందు పోసి పథ్యం చెబుతున్నది. కల్లు దగ్గరికి వచ్చేసరికి ఆయన నసిగాడు.

"ఎన్నొద్దులు మానాలె అమ్మా?"

"నెల."

"నెలా! నెలంటే కష్టమమ్మా. జరంత, మాపటేల, ఒక్క లొట్టి కల్లు..."

"సిగ్గుండాలె నీకు," అంది బాపమ్మ. "గా మూలకు సూడు. గా పచ్చదారం సీసాలు కనబడ్తున్నయా? గా ఈగలకు గూడ పసిరికలే. నెలయింది, కల్లు సుక్క ముట్టనియ్యలే. నోరు లేని పురుగులు, అవే పత్తెం ఉన్నయి. గింత మీసమున్నది, నీకేం పుట్టింది?"

చాయ గ్లాసు కింద పెట్టాను. పెట్టాననే అనుకుంటున్నాను, తర్వాత అమ్మ నేల తుడిచింది.

"బాపమ్మా, ఏమన్నవ్?"

"ఏమన్న? ఉన్నదే అన్న."

"పచ్చసీసాల్ల కల్లు మడ్డి ఏస్తలేవా?"

"ఏస్తే బతుకుతయారా? ఒళ్లంత పచ్చగ ఉన్నయి. మడ్డి బదులు నేలుసిరి రసం ఏస్తున్న, సుక్కంత. సేదుకు మొదట ముట్టలే. ఇగ అలవాటు పడ్డయి."

"అవి రోగమొచ్చి పచ్చగ లేవు బాపమ్మా! పుట్టుకతోనే పచ్చయి!"

"పుట్టిన పోరగాండ్లకు గూడ ఒస్తయిరా పసిరికలు," అంది ఆమె, జాలిగా. "నీకూ ఒచ్చినయి. నేనే తగ్గించిన."

ఆత్మకూరు ఆయన లేచి వెళ్లి సీసాలోకి తొంగి చూసి, "పాపం, బాగ సిక్కినయి," అన్నాడు. భూతద్దం లేకుండానే ఆయనకు కనబడింది.

అక్కడే కూలబడ్డాను. పచ్చవి ఓడిపోయింది పచ్చగా ఉన్నందుకు కాదు. ఆకలితో ఉన్నందుకు. ఆడ ఈగ రంగు చూసి వద్దన్నదో, నాలుగు అడుగులు వెంటరాలేని బక్క మగణ్ని చూసి వద్దన్నదో ఇప్పుడు బ్రహ్మక్కూడా తెలియదు. నా పట్టికంతా అబద్ధం. ఆ అబద్ధాన్ని దేశంలోని శాస్త్రజ్ఞులందరి ముందు నిలబడి చదవడానికి మా సార్ బయలుదేరి, ఈపాటికి మిర్యాలగూడలో ఉంటారు. అక్కడ ఎవడో ఒకడు లేచి 'ఈగలకు ఏం తినిపించారండీ?' అని అడిగితే ఆరేళ్ల పని ఒక్క నిమిషంలో పోతుంది. ఎవడూ అడగకపోతే ఇంకా ఘోరం. అది పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

"తగ్గలే గని," అంది బాపమ్మ వెనకనుంచి, "ముదరలే గద?"

తంతి కొడదామని పరుగెత్తాను. తంతి ఆఫీసు ఉంది. తంతి తీగలు లేవు. గొడవల్లో తెగినవి ఇంకా కట్టలేదట. "కాగితం మీద రాసియ్యి, తీగలొచ్చినంక కొడత," అన్నాడు లోపలి మనిషి. ఇంటికొచ్చి పచ్చదారం సీసా ఒకటి చేతిసంచిలో వేసుకొని మిర్యాలగూడ బస్సెక్కాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సది. ఎత్తు వచ్చినప్పుడల్లా మేం దిగి నడిచేవాళ్లం, బస్సు మా వెంట వచ్చేది.

మిర్యాలగూడలో సార్ అత్తగారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. "ఈగల అల్లుడి ఇల్లెక్కడ?" అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. మామగారు వాకిట్లో మంచం మీద కూర్చొని వక్కలు కత్తిరిస్తున్నారు. వడ్ల వ్యాపారం చేసే పెద్దమనిషి.

"సార్ ఉన్నరా అండి?"

"నువ్వెవరు పిల్లగా?"

"సార్ దగ్గర చదువుకుంటున్న."

"నువ్వు గూడ ఈగలేనా?" అన్నాడాయన, చావు కబురు విన్నట్టు. "కూసో. మా అల్లుడు పొద్దున్నే పోయిండు. మా వడ్ల లారీ కోదాడకు పోతుంటే దాంట్ల ఎక్కించిన. విలాయతి పోయి చదివొచ్చిండు పిల్లగా. మంచి మనిషి. కలెక్టర్ అయితడనుకున్నం. సీసాలు ముందల పెట్టుకొని గది ఆడీగ, ఇది మగీగ అని మా ఆవిడకు పాఠం చెప్తడు. ఆమె వంటింట్ల నుంచి బయటికొస్తే ఒట్టు."

"నేను అర్జంటుగ ఆయన్ను కలవాలె. కోదాడకు ఇంకో బండి ఏమన్న..."

"తిని పో."

"టైం లేదండీ."

"టైం లేకనే తినాలె. టైముంటే ఎప్పుడన్న తింటం." ఇస్తరాకు వేయించి, తినేదాకా కదలనివ్వలేదు. ఒకవైపు సార్ పరువు, ఇంకోవైపు వంకాయ కూర. కూర చాలా బాగుందని ఒప్పుకోవడం న్యాయం. చెయ్యి కడుక్కునేసరికి ఆయనే ఒక మనిషిని తరిమి, హుజూర్‌నగర్ దాకా పోయే ఇంకో లారీ ఆపించాడు. "మా అల్లుడు ఏమన్న తప్పు జేసిండా?" అని మెల్లగా అడిగాడు నేనెక్కుతుంటే. లేదండీ, తప్పు నాది అన్నాను. ఆయన మొహం వికసించింది.

హుజూర్‌నగర్‌లో లారీ దించేసింది. అక్కడినుంచి ఒక సైకిల్ వెనక కూర్చొని కొంత దూరం, నడిచి కొంత దూరం. దారిపొడుగునా మిలిటరీ వాళ్లు. ఒకచోట సంచి విప్పించి సీసా ఎత్తి చూశారు. లోపల ఉన్నవి ఈగలని తేలాక, నన్ను చూసి ఒకరితో ఒకరు ఏదో అనుకొని, సీసా చాలా మర్యాదగా తిరిగి ఇచ్చారు. పిచ్చివాళ్లను ఇబ్బంది పెట్టొద్దని వాళ్లకు చెప్పి ఉంటారు.

కోదాడ చేరేసరికి ఎండ వాలింది. బెజవాడ బస్సు పోయిందా అని ఒక హోటలాయన్ని అడిగాను. "పోయి చాలాసేపైందండి. ఇంకోటి ఉందిలెండి, నాకా కాడ ఆగుద్ది," అన్నాడు. కోదాడలో మాటతీరు అప్పటికే ఆంధ్రా వైపు పోయి ఉంటుంది. మనిషే ఇక్కడ ఉంటాడు. అయినా నాకా దాకా వెళ్లాను. సరిహద్దు దాటే సామాను తనిఖీ చేసేది అక్కడే.

నాకా ముందు బెంచీ మీద మా సార్ కూర్చొని ఉన్నారు. ఆయన ముందు బల్ల మీద సీసాలు వరుసగా ఉన్నాయి. బల్ల అవతల సిరా మరకల షేర్వానీ వేసుకున్న గుమాస్తా ఒక లావుపాటి పుస్తకం పేజీలు తిప్పుతున్నాడు. బస్సు ఈయన్ని వదిలేసి పోయిందని అర్థమై, ఆ గుమాస్తా కాళ్లు మొక్కాలనిపించింది.

"ప్రొఫెసర్ సాబ్, నేనేం బద్మాష్ మనిషిని గాను," అంటున్నాడు గుమాస్తా. "కితాబుల లేదు. ఎడ్లున్నయి, మేకలున్నయి, కోళ్లున్నయి. ఆఖరికి తేనెటీగలు గూడ ఉన్నయి. ఈగలు లేవు."

"లేవంటే సుంకం లేదనే కదా?"

"లేవంటే ఇప్పటిదంక ఎవరు తేలేదని సాబ్. తేనెటీగల కింద రాద్దామంటే తేనె యాడ అని పైన అడుగుతరు. పైంగ కల్లు వాసనొస్తుంది. కల్లయితే అది వేరే మహకమా, ఆబ్కారీ వాళ్లది."

"అది వాటి ఆహారంలోని ఈస్టు వాసన!" సార్ లేచి నిలబడ్డారు. "ఆరు సంవత్సరాల నా జీవితం ఈ బల్ల మీద ఉన్నది!"

"ఉండనియ్యండి, నేనేం ముట్టుకుంటలేను," అన్నాడు గుమాస్తా. "ఒక తరీఖా చెప్త. మూతలు తియ్యండి. అవే ఎగిరి నాకా దాటితే నాకు అభ్యంతరం లేదు. అవతల మళ్ల పట్టుకోండి."

అప్పుడు సార్ నన్ను చూశారు. మొహం తెల్లబోయింది.

"నువ్వెందుకొచ్చినవ్? నీ దగ్గరవి చచ్చినయా?"

"లేదు సార్. బతికే ఉన్నయి. పథ్యం మీద ఉన్నయి."

దారిపొడుగునా ఎట్లా చెప్పాలో నేర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క ముక్క తర్వాత మాయమయ్యాయి. ఎట్లా వస్తే అట్లా చెప్పేశాను. గట్క, కల్లు మడ్డి, పచ్చదారం, నేల ఉసిరి, ఆత్మకూరు ఆయన మీసం. మీసం సంగతి అవసరం లేదు కానీ అదీ చెప్పాను. సార్ కదలకుండా విన్నారు. ఇప్పుడు కొడతారనుకున్నాను. లేదా ఏడుస్తారనుకున్నాను. రెండింటికీ సిద్ధంగా లేను కానీ కొట్టడమే మంచిదనిపించింది.

"సీసా తెచ్చినవా?" అన్నారు.

ఇచ్చాను. సార్ తన పెట్టెలోంచి మత్తుమందు తీసి, నా సీసాలోంచి ఒక పచ్చ మగదాన్ని, తన సీసాలోంచి ఒక పచ్చ మగదాన్ని పడుకోబెట్టి, గుమాస్తా తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టారు. తర్వాత గుమాస్తాకు వీపు తిప్పి, కాగితాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, మళ్లీ బల్ల మీద పెట్టి, భూతద్దం గుమాస్తా చేతికిచ్చారు.

"మీకు ఏది ఎవరిదో తెలియదు. చూసి చెప్పండి. ఏది పెద్దది?"

గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బల్ల మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. "ఈ కుడిచేతిది మంచిగున్నది సాబ్. తిన్న ఇంటి బిడ్డ. గిది పరేషాన్ల ఉన్నది."

ఇంకో జత పెట్టారు. మళ్లీ తిప్పారు. గుమాస్తా మళ్లీ అదే చెప్పాడు. మూడో జత. మూడుసార్లూ బక్కది నాదే. నా ఎదుటే, సుంకం నాకాలో, నా పట్టిక చచ్చిపోయింది. సార్ పడుకోబెట్టినవాటిని జాగ్రత్తగా సీసాల్లోకి తోసి, దూది పెట్టి, బెంచీ మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మా సార్ నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. అలవాటు లేని మనిషి నవ్వు, మధ్యమధ్యలో దగ్గులాగా ఉంది.

"బతికిన," అన్నారు.

"సార్?"

"హైదరాబాదుల నా లెక్కల్ల కూడ పచ్చవే ఎక్కువ ఓడినయి. కానీ ఇంత ఘోరంగ కాదు. చాలాసార్లు గెలిచినయి కూడ. నీ పట్టిక వచ్చినంక నాదే తప్పనుకున్న. ముసలితనంతో నా కళ్లు సరిగ చూస్తలేవనుకున్న." ఆయన పెట్టె అడుగున చెయ్యి పెట్టి ఒక కాగితం లాగారు. నలిగిపోయింది. "నా పట్టిక తీసేసి నీది పెట్టిన. అప్పటినుంచి నిద్ర లేదు. నచ్చిన లెక్క వచ్చినప్పుడు మనిషి అడగవలసింది అడగడు. 'బక్కవి' అని రాసినవ్ చూడు, అక్కడే అడగాల్సింది. నేను అడగలే."

నేను కూడా అడగలేదు సార్ అన్నాను.

"నీకు ఇరవై రెండేండ్లు. నాకేమయింది?"

వ్యాసంలోంచి నా పట్టిక ఉన్న పేజీ బయటికి తీసి, మడిచి, నా చేతిలో పెట్టారు. ఆ స్థానంలో తన నలిగిన పేజీ పెట్టి అరచేత్తో సాపు చేశారు. అంతే. ఆరేళ్ల పనికి వచ్చిన ప్రమాదం అంత చప్పుడు లేకుండా పోయింది. నా గుండె మాత్రం కాసేపు ఇంకా ఆ బొగ్గు గ్యాసు బస్సు ఎత్తు ఎక్కుతున్నట్టే కొట్టుకుంది.

"ఇది పారెయ్యమంటరా సార్?"

"పారెయ్యకు. పైన రాసి పెట్టు, పచ్చవాటికి కల్లు మడ్డి లేదు అని. పోయినంక తిరగేసి చెయ్యి. పచ్చవాటికి కడుపునిండ పెట్టు. బూడిదవాటికి మాన్పించు. అప్పుడు ఆడది ఎటు పోతదో చూడు. ఆమె చూసేది రంగా, ఆటా అనేది అక్కడ కొంచెం తెలుస్తది. ఆరేండ్లల్ల నాకు ఆ ఆలోచన రాలే." పెట్టె మూత వేస్తూ, "మీ బాపమ్మకు చెప్పు," అన్నారు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు; బూడిదవాటికి కల్లు మాన్పించడానికి ఆమెకు ఏ రోగం పేరు చెప్పాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను.

ఇంతలో బెజవాడ బస్సు వచ్చి ఆగింది. సార్ మళ్లీ సీసాల వైపు, గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా అప్పటికే పుస్తకం మూసేశాడు. భూతద్దం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఇవ్వడం ఇష్టం లేనట్టుంది.

"తీస్కపోండి సాబ్. చదువు సామాను. దానికి సుంకం లేదు."

"ఇంతసేపు ఆపి ఇప్పుడంటారా?"

"ఇంతసేపు నేను చూడలే గద సాబ్."

సీసాలు నేనే బస్సులో సర్దాను. సార్ కిటికీలోంచి తల బయట పెట్టి ఏదో గంభీరంగా చెప్పబోయారు. సత్యం అనే మాట దాకా వినబడింది. తర్వాత బస్సు దుమ్ము ఆయన నోట్లోకీ నా కళ్లలోకీ వచ్చింది. చెయ్యి ఊపాను. బస్సు నాకా దాటి అవతలికి పోయింది. మద్రాసులో ఎవరు లేచి ఏమడిగినా ఆయన దగ్గర ఉన్నవి ఆయన కళ్లతో చూసిన లెక్కలే. నిలబడి చెప్పగలరు.

అప్పటిదాకా తెలియలేదు, చొక్కా నా వీపుకు అతుక్కుపోయి ఉంది. సార్ కూర్చున్న బెంచీ మీదే కూర్చున్నాను. గాలి చల్లగా తగిలింది. లేవాలనిపించలేదు. గుమాస్తా బల్ల సర్దుకొని, తాళం వేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏదో అడగాలని ఉండి ఆపుకుంటున్న మనిషి ఎట్లా కూర్చుంటాడో అట్లా కూర్చున్నాడు.

"బాబూ," అన్నాడు ఆఖరికి. "సాబ్‌ను అడుగుదామంటే కోపగొండి లెక్క ఉన్నడు. ఇంతకూ గా ఆడీగ ఎవరిని ఒప్పుకుంటది? పచ్చదాన్నా, గా మామూలుదాన్నా?"

"తెల్వదు," అన్నాను.

"తెల్వదా? గిన్ని సీసాలు పెట్టుకొని, గిన్ని దినాలు చూసి తెల్వదా?"

"పొద్దున్నదాకా తెలుసు. ఇప్పుడు తెల్వదు."

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, "అయితే మంచిదే, ఇగ సక్కగ చూస్తవ్," అని, సూర్యాపేట బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించడానికి నాతోపాటు లేచాడు.